మగ్గం గుంతలో కంప్యూటరు

మొన్న గురువారం మధ్యాహ్నం రెండుంబావుకు పెనుకొండలో కరెంటు పోయింది. ఎండాకాలంలో అది వార్త కాదు. బడికి సంబంధించిన పనేదో లాప్‌టాప్‌లో చేసుకుంటున్నాను. తలపైన ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి అది ఆగలేదు. అయినా నా చెయ్యి దానంతటదే పోయి దాని అడుగున ఆనింది, వేడెక్కిందేమో చూడటానికి. ఇది నాకు పాత అలవాటు. ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవాళ్ళు నేను కాక ఇద్దరే ఉండేవాళ్ళు. ఒకరు నాయన. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. రెండోవాళ్ళు అమ్మ. మొన్నటి మాఘమాసంలో అమ్మ కూడా పోయింది. చెయ్యి అట్లా పెట్టినప్పుడల్లా అమ్మ పక్క గదిలోంచి చూసి, నవ్వీ నవ్వనట్టు ఒక చూపు చూసేది. మొన్న తల తిప్పితే పక్క గదిలో మంచం మాత్రమే ఉంది. ఆ సంగతి ఇక నేనొక్కదాన్నే గుర్తుపెట్టుకోవాలి కాబట్టి రాసిపెడుతున్నాను.

అప్పుడు మేం ధర్మవరంలో ఉండేవాళ్ళం. నేత వీధి. మా ఇల్లు సన్నగా పొడుగ్గా, మూడు గదులు ఒకదాని వెనక ఒకటి ఉండేది. నడిమి గదిలో మగ్గం. మగ్గం కింద మోకాళ్ళు దాటే లోతు గుంత. నేసే మనిషి గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలను తొక్కుతాడు. ఈ గుంత ఎందుకని చిన్నప్పుడు అడిగితే నాయన, "పట్టుకు తేమ కావల్ల పాపా" అన్నాడు. ఎండాకాలంలో పట్టుపోగు పొడిబారి తెగుతుంది. నేలలోంచి వచ్చే చల్లదనం దాన్ని మెత్తగా ఉంచుతుంది. నేల ఇచ్చే తేమ చాలని నెలల్లో ఆ పని అమ్మ చేసేది. ఎండ రాకముందే మగ్గం చుట్టూ నీళ్ళు చల్లేది. గోనెపట్టాలు తొట్టిలో ముంచి, పిండకుండానే తెచ్చి రెండు కిటికీలకూ వేలాడదీసేది. తొమ్మిదయ్యేసరికి వీధి తలుపు మూసేసేది. తడి గోనె వాసన, తడిసిన మట్టి వాసన, వాటి మధ్య పట్టుకు ఉండే ఒక పచ్చి వాసన. మా ఎండాకాలాల వాసన అదే. నాయన వచ్చి మగ్గానికి బిగించిన పడుగు పోగుల మీద వెనకచెయ్యి ఆనించి చూసేవాడు. "ఇంకొంచెం చల్లు" అనేవాడు, లేదా ఏమీ అనకుండా కూర్చునేవాడు. ఏమీ అనకపోతే సరిపోయిందని అర్థం.

నాయన నేయడమే కాదు, గ్రాఫులు కూడా వేసేవాడు. చీర అంచు మీదా కొంగు మీదా వచ్చే బొమ్మను ముందు చిన్నచిన్న గడుల కాగితం మీద వేయాలి. ఆ గడులను చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో మగ్గానికి చెప్పేది ఆ అట్టలే. చాలామంది గ్రాఫులు బయట వేయించుకునేవాళ్ళు. నాయన తనవి తనే వేసుకునేవాడు, వీధిలో నలుగురికి కూడా వేసి ఇచ్చేవాడు. పెన్సిలు బ్లేడుతో చెక్కి, మొనను బొటనవేలి గోరు మీద గీసి చూసుకునేవాడు. గ్రాఫు ముందు కూర్చున్నాక భోజనానికి పిలిచినా లేచేవాడు కాదు. ఎవరైనా మాట్లాడిస్తే వేలెత్తి ఆగమనేవాడు, లెక్క పోతుందని.

ఆయనకు ముందు గడులు అలుక్కుపోయినట్టు అయింది. తర్వాత చూపు నడిమధ్యలో ఒక మచ్చ నిలిచింది. "గడిని చూస్తే గడి కనపడదు, పక్కకు చూస్తే కనపడతాది" అనేవాడు. అద్దాలు మార్చారు. లాభం లేకపోయింది. అనంతపురంలో కంటి డాక్టరు, ఇది శుక్లం కాదు, కంటి వెనక పొర చెడింది, అద్దాలతో గానీ ఆపరేషనుతో గానీ కుదరదు, మెల్లమెల్లగా పెరుగుతుంది అన్నాడు. ఎంత కాలానికి అని అమ్మ అడిగితే చెప్పలేం అన్నాడు. ఇంటికి వచ్చాక నాయన చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత లోపలికి వచ్చి, అమ్మతో ఒకటే మాట అన్నాడు. "ముందు ఆ చెనిక్కాయ చెట్టు వేసేస్తా."

ఈ చెనిక్కాయ చెట్టు సంగతి చెప్పాలి. చెనిక్కాయ అంటే వేరుశెనగ. మా జేజికి, అంటే నాయనమ్మకు, కనగానపల్లి దగ్గర వానకు పండే కొంచెం నేల ఉండేది. నాయన చిన్నతనం ఆ చేలో గడిచింది. పెండ్లి చీర కొంగు మీద చెనిక్కాయ చెట్టు నేయాలని ఆయనకు ఎప్పటినుంచో ఉండేది. పైన ఆకులు, పసుపు పూలు. పూత అయినాక కిందికి దిగి నేలలోకి పోయే సన్నటి ఊడలు. నేల కింద కాయల గుత్తులు. ఎదురింటి నారాయణప్ప విని పడీపడీ నవ్వాడు.

"ఏమప్పా, పెండ్లికూతురు చెనిక్కాయలు కప్పుకొని పీటల మీద కూచోవల్లనా? పక్కన ఒక బెల్లంముక్క కూడా నెయ్యి, తినుకుంటా కూచుంటాది."

"నువ్వు హంసలు నేస్తావు గదా. హంసను యాడ చూసినావు నువ్వు?"

"చూడకపోతే ఏం, అందంగా ఉంటాది."

"చెనిక్కాయ పువ్వును ఎప్పుడన్నా వంగి చూసినావా?"

నారాయణప్ప చూడలేదు. మా జిల్లాలో సగం ఇళ్ళు దాని మీదే బతుకుతాయి, దాని పువ్వును మాత్రం ఎవరూ చూడరు అని నాయన బాధ. చీరలు కొనే షావుకారు కూడా మొదట నవ్వాడు. తర్వాత, వేసి చూపించు, శ్రావణం ముహూర్తాల ముందు ఒక చీర మగ్గం మీంచి దింపి చూద్దాం అన్నాడు. కానీ అప్పటికే నాయనకు గడులు కనిపించడం మానేశాయి. మగ్గం దిగి కొన్ని నెలలయింది.

నేను డిగ్రీ అయి, హిందూపురంలో కంప్యూటరు నేర్చుకోవడానికి రోజూ ప్యాసింజరు రైల్లో పోయి వచ్చేదాన్ని. అక్కడ మెషిన్లు బాగుచేసే ఖాదరన్న ఉండేవాడు. సన్నగా, ఎప్పుడూ చొక్కా జేబులో స్క్రూడ్రైవరుతో. ఒకరోజు ఆయన తెరమీద ఏదో బొమ్మను పెద్దది చేస్తూ పోయాడు. పోగాపోగా బొమ్మ పోయి గడులు మిగిలాయి. అచ్చం గ్రాఫు గడులే. ఇంటికి వచ్చి చెప్పాను. మరునాడు నాయన నాతో రైలెక్కాడు.

ఖాదరన్న కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నాయన అలవాటుగా తల పక్కకు తిప్పి, కంటి కొసనుంచి చూశాడు.

"ఇంకా పెద్దది చెయ్యప్పా."

"చేసినా అన్నా."

"ఇంకా."

గడి బొటనవేలి గోరంత అయింది. నాయన వేలు చాపి తెరను ముట్టుకున్నాడు. "ఇది గడి. ఇది దాని పక్క గడి" అన్నాడు.  "చాలు, కనపడతాండాది" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. వేలు మాత్రం తెరమీద నుంచి తీయలేదు.

వాడిన మెషిను ఒకటి ఖాదరన్నే చూసి ఇప్పించాడు. దాన్ని రైల్లోనే తెచ్చాం. పెద్ద పెట్టె నా కాళ్ళ దగ్గర. మానిటరు దుప్పటి చుట్టి నాయన ఒళ్ళో. పెనుకొండలో ఎక్కిన ఒకాయన, "ఏమబ్బా, టీవీ తెచ్చినావే?" అన్నాడు. నాయన, "టీవీ కాదు, కండ్లద్దాలు" అన్నాడు. "ఇంత పెద్దవి యాడ పెట్టుకుంటావు?" అని ఆయన నవ్వాడు, నాయన కూడా నవ్వాడు. డాక్టరు దగ్గరికి పోయి వచ్చిన తర్వాత ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు.

చలికాలమంతా పని బాగా సాగింది. వారం రోజులు నేను మౌసు పట్టుకుంటే ఆయన చెప్పేవాడు. తర్వాత ఆయనే పట్టుకున్నాడు. తల పక్కకు వంచి, ఒక్కో గడిలో రంగు నింపుతూ. అంచు ముందు పూర్తయింది. దాన్ని ఫ్లాపీలో వేసుకుని అట్టలు కొట్టే ఆయనకు ఇచ్చి వచ్చాను. కొంగు మొదలుపెట్టేసరికి ఎండలు వచ్చాయి.

పగలు పదకొండు దాటగానే కంప్యూటరు చెప్పాపెట్టకుండా ఆగిపోయేది. తెర నల్లబడేది. అప్పటిదాకా నింపిన గడులు పోయేవి. మళ్ళీ వేయాలంటే పెట్టె రేకు చల్లారేదాకా కాచుకోవాలి. చల్లారేసరికి కరెంటు కోత. పొద్దున లేచిందగ్గరనుంచి పదకొండుదాకా ఎంత కూర్చున్నా నాయన ఒక ఆకు మాత్రమే వేయగలిగేవాడు. అదే సమయంలో కంటిలో మచ్చ పెరుగుతోంది. గోరంత గడిని రూపాయి బిళ్ళంత చేయాల్సి వచ్చింది. అప్పుడు తెరమీద కొన్ని గడులే పడతాయి, పని ఇంకా మెల్లగా నడుస్తుంది. ఇవన్నీ ఆయన లెక్క వేసుకుంటున్నాడని మాకు తెలుసు. పైకి మాత్రం, "ఈ ఎండ ఒకటి" అని ఊరుకునేవాడు.

ఖాదరన్నకు కబురు పెడితే ఒక ఆదివారం వచ్చాడు. "మా ఊర్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క దినం ఆగలేదు ఇది. మీ ధర్మవరం ఎండకు మనుషులే ఆగిపోతారు, దీన్నేమంటాం" అంటూ రేకు విప్పాడు. లోపల చిన్న ఫ్యాను ఉంది. దాని రెక్కల మధ్య, కింద అల్యూమినియం ముక్క సందుల్లో, దూది పేరుకున్నట్టు ఏదో కమ్ముకుని ఉంది. స్క్రూడ్రైవరుతో లాగితే ఒక చిన్న గుడ్డముక్కలాగా ఊడి వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, మామిడిపండు రంగు. మా వీధిలో గాల్లో తిరిగే పట్టు నూగు.

"పెద్దాయనా, నువ్వు మగ్గం దిగినావని అంటాండారు. దీంట్లో దొంగగా ఒక చీర నేస్తాండావు గదా" అన్నాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఖాదరన్న దుమ్మంతా దులిపి, ఇకమీద వారానికోసారి బ్రష్షుతో దులపమన్నాడు. పక్కరేకు తీసేసి ఫ్యాను పెట్టమన్నాడు. ఎండవేళ వాడొద్దన్నాడు. ఫ్లాపీలు కూడా వేడికి చెడతాయి, జాగ్రత్త అన్నాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "ఎట్లయినా చేసి చల్లగా పెట్టండి. చల్లగా ఉంటే ఇంకేం కాదు" అన్నాడు.

చల్లగా పెట్టడం మాకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. తరతరాలుగా మా ఇళ్ళలో చేస్తున్నదే. అయితే మా ఇంట్లో చల్లగా పెట్టడమంటే తడిగా పెట్టడమే. ఆ రెండూ వేరువేరని మాకెవరికీ తెలియదు. ఖాదరన్న మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడు కాదు, అందుకని ఆయనకు ఆ మాట విడిగా చెప్పాలని తోచలేదు.

అమ్మ మళ్ళీ గోనెపట్టాలు దించింది. ఈసారి రెండు కిటికీలకే కాదు, గదికి అడ్డంగా తాడు కట్టి మూడోది కూడా వేసింది. టేబుల్ ఫ్యాను దాని వెనక పెట్టింది, గాలి తడిగోనెలోంచి వచ్చి కంప్యూటరు మీదికి తగిలేట్టు. గంటకోసారి చెంబుతో గోనె మీద నీళ్ళు పోసేది. దానివల్ల పన్నెండుదాకా నడిచింది. నాయనకు అది చాలలేదు. రెండు రోజులు గదిలో అటూ ఇటూ తిరిగి, నేల మీదా గోడల మీదా చెయ్యి పెట్టి చూసుకున్నాడు. మూడోరోజు పొద్దున గుంతలోని తొక్కుడు చెక్కలు విప్పి గోడకు ఆనించాడు.

"ఇంట్లో చల్లటి చోటు ఇదొకటే. దీంట్లో దించుదాం" అన్నాడు.

అమ్మకు నచ్చలేదు. మగ్గం గుంతకు మేం ఏటా పూజ చేస్తాం. చెప్పులతో దాని దగ్గరికి పోము. "దాంట్లో అడ్డమైనవి పెడతారా ఎవరన్నా?" అంది.

"అడ్డమైనది ఎట్లయితాది? అది కూడా చీర పనే చేస్తాండాది."

"మళ్ళా నువ్వు నేసేది ఉండాది గదా?"

నాయన గుంత అడుగును చేత్తో తడిమి చూశాడు. అమ్మ వంటింట్లోకి పోయి పసుపూ కుంకుమా తెచ్చి పెట్టె రేకుకు పెట్టింది. ముగ్గురం పట్టుకుని గుంతలోకి దించాం. మానిటరును గుంత పైన ఒక పలక మీద పెట్టాం. ఫ్లాపీల డబ్బా గుంత గోడలోని గూట్లో. పట్టుపోగు చుట్టిన కండెలు ఆరిపోకుండా పెట్టుకునే గూడు అది. వేడికి చెడతాయన్నాడు కదా, ఇంతకంటే మంచి చోటు లేదు అని నాయనే పెట్టాడు.

ఆయన గుంత అంచున ఎప్పటి చోటే కూర్చున్నాడు. కాళ్ళు లోపలికి దించాడు. ఎడమపాదం పెట్టె రేకుకు ఆనించాడు. నలభై ఏళ్ళు చెక్కలు తొక్కిన పాదం అది, ఏ చెక్క ఎంత బిగువుగా ఉందో చూడకుండా చెప్పేది. ఇప్పుడు రేకు వేడి చెప్పడం మొదలుపెట్టింది. నిజంగానే ఆయనకు ముందే తెలిసేది. తల తెరవైపే ఉండేది. చెయ్యి మౌసు మీదే ఉండేది. ఉన్నట్టుండి, "పాపా, దాచి ఆపేయ్" అనేవాడు. వేసినంతవరకు సేవ్ చేసి నేను ఆపేదాన్ని. అమ్మ గుంత చుట్టూ నీళ్ళు చల్లేది. కాసేపటికి పాదం మళ్ళీ ఆనించి, "సరే, పెట్టు" అనేవాడు. ఆ తర్వాత మెషిను దానంతటది ఆగింది ఒక్కసారి కూడా లేదు. ఒంటిగంటదాకా, ఒక్కోసారి ఇంకా పైకి నడిచేది. ఆకులు పూర్తయ్యాయి. పూలు పూర్తయ్యాయి. నారాయణప్ప రోజూ గడపలో నిలబడి, "ఏమప్పా, చెనిక్కాయకు నీళ్ళు కడతాండావా?" అని ఎగతాళి చేసేవాడు. ఒకరోజు లోపలికి వచ్చి, తెరమీద పువ్వును వంగి చూశాడు. "ఇట్ల ఉంటాదా అది?" అన్నాడు.

"పట్టులాంటిదే ఇది. చల్లగా చూసుకుంటే మాట వింటాది" అని నాయన మెషినును మెచ్చుకునేవాడు. మధ్యలో ఒకసారి రేకు అంచుల్లో, స్క్రూల తలల మీద తుప్పు కనిపించింది. మగ్గం ఇనుముకు తుప్పు పడితే ఏం చేస్తామో అమ్మ అదే చేసింది. కొబ్బరినూనె రాసింది.

మా ఇంట్లో ఆ కొన్ని వారాలు ఎట్లా ఉండేవో ఇప్పుడు తలుచుకుంటే, ముగ్గురం ఒకే పనిలో ఉండటం గుర్తొస్తుంది. అమ్మ తెల్లవారకముందే వంట ముగించేది. నాయన స్నానం చేసి తడి తలతోనే వచ్చి కూర్చునేవాడు. చెంబు నీళ్ళ చప్పుడు, మౌసు చప్పుడు, తడిగోనె వెనక ఫ్యాను చప్పుడు. పనయ్యాక ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, నంజుకుని రాగిసంగటి తినేవాళ్ళం. నాయన ఆ రోజు వేసిన గడుల గురించి, రేపు వేయబోయే వాటి గురించి మాట్లాడేవాడు. కళ్ళ గురించి మాట్లాడేవాడు కాదు. మేమూ అడిగేవాళ్ళం కాదు. మెషిను ఎంతసేపు నడిచిందన్నదే మా ఇంట్లో ఆరోగ్యం సంగతి.

మృగశిర కార్తెలో మొదటి వాన పడింది. సాయంత్రం మొదలై చాలాసేపు కురిసింది. పొద్దునకు గాలి చల్లబడింది. నాయన సంతోషంగా లేచాడు. "ఇంక ఎండ పీడ పోయింది. ఈ దినం పొద్దుగూకేదాకా కూచుందాం" అన్నాడు. ఊడలు నేల దాకా దిగాయి. మిగిలింది నేల కింద కాయలు. ఆ భాగం ఎట్లా వేయాలో ఆయన ఎవరికీ చెప్పలేదు, అక్కడికి వచ్చాక చూస్తా అనేవాడు. గుంత గోడలు చెమ్మగిల్లి ముదురు రంగులో ఉన్నాయి. నాయన కాళ్ళు దించి పాదం ఆనించాడు. నేను మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. ఆ వెంటనే గుంతలోంచి టప్‌మని చప్పుడొచ్చింది. తెర ఆరింది. ఇంట్లో ఫ్యూజు పోయింది. కాలిన వాసన పైకి లేచింది.

నాయన కదల్లేదు. పాదం ఇంకా రేకు మీదే ఉంది.

"వేడి లేదు పాపా. చల్లగానే ఉండాది" అన్నాడు.

పెట్టెను తుడిచి, గోనెసంచిలో కట్టి, ఫ్లాపీల డబ్బాతో సహా హిందూపురం తీసుకుపోయాం. ఖాదరన్న రేకు విప్పాడు. లోపల పచ్చని పలక మీద తెల్లగా, ఆకుపచ్చగా పొక్కులు లేచి ఉన్నాయి. ఒకచోట నల్లగా కాలింది. "ఏమన్నా, దీన్ని నీళ్ళలో నానబెట్టినారా?" అని నవ్వబోయాడు. నాయన ముఖం చూసి ఆగిపోయాడు. మేం చేసిందంతా చెప్పాను. ఆయన తల దించుకుని విన్నాడు.

"చల్లగా ఉండాల అన్నా, కానీ పొడిగా కూడా ఉండాల దీనికి. తేమ తగిలితే తినేస్తాది."

"పట్టుకు తేమ కావల్లప్పా" అన్నాడు నాయన.

వాదించడం కాదు అది. తనకు తెలిసింది అదొకటే అని చెప్పడం. ఖాదరన్నకు అర్థమయింది. డిస్కు విప్పి వేరే మెషినుకు తగిలించి చూశాడు. మధ్యాహ్నం తిండికి కూడా లేవకుండా చూశాడు. అది తిరిగింది గానీ ఏమీ చదవలేదు. ఫ్లాపీలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. లోపలి నల్లబిళ్ళ మీద బూజు తెల్లని చుక్కలుగా పట్టింది. అన్నీ వేసి చూశాడు. ఒక్కటీ తెరుచుకోలేదు. అంచు ఉన్న ఫ్లాపీ మాత్రం అట్టలు కొట్టే ఆయన దగ్గర ఉంది కాబట్టి బతికింది.

తిరుగు రైల్లో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి, "పాపా, పెనుకొండ వచ్చిందా?" అన్నాడు. రైలు పెనుకొండ స్టేషనులోనే ఆగి ఉంది. పసుపుపచ్చ పలక, దాని మీద నల్లటి పెద్ద అక్షరాలు, సరిగ్గా ఆయన కిటికీకి ఎదురుగా ఉన్నాయి. వచ్చింది నాయనా అన్నాను.

మరునాడు అమ్మ దేవుడి గూటి కింద నుంచి పాత గ్రాఫు కాగితాలు తీసింది. నేల మీద పరిచి, పెన్సిలు చెక్కి, "నువ్వు చెప్పు, నేను వేస్తా" అంది. వెనకటి రోజుల్లో గ్రాఫు తెలిసిన మనిషి గడులను నోటితో చదువుతుంటే ఇంకొకరు విని వేసుకునేవాళ్ళట. అమ్మ వాళ్ళ పుట్టింట్లో అట్లాగే చేసేవాళ్ళట. నాయన కాసేపు ఒప్పుకోలేదు. తర్వాత గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

"మూడు జరీ. రెండు వదులు. ఒకటి ఆకు. మళ్ళా రెండు వదులు."

"నిదానంగా చెప్పయ్యా, నేనేమన్నా మిషనా?"

"మిషనుకు చెప్పలేదు నేను, నేనే వేసినా. నీకే చెప్తాండా."

"అయితే ఇంకా నిదానంగా చెప్పు."

మెషిను మీద నెలలు పట్టిన పని, ఆయన తలలో వరసగా ఉంది. అమ్మ పెద్దగా చదువుకోలేదు, కానీ ఒక్క గడి తప్పేది కాదు. అనుమానం వస్తే, "ఈడ ఆకు ఒంగల్ల గదా, నువ్వు నిలువుగా చెప్తాండావు" అని ఆపేది. ఆయన వెనక్కి పోయి సరిచేసేవాడు. ఆకులు మళ్ళీ వచ్చాయి. పూలు వచ్చాయి. ఊడలు నేల దాకా దిగాయి. అక్కడ ఆయన ఆగాడు.

నేల కింది భాగం ఆయన ఎప్పుడూ వేయలేదు. వేయనిది ఆయన తలలో లేదు. నేను కనగానపల్లి పోయి చేలోంచి ఒక చెట్టు మట్టితో సహా పీకి తెచ్చాను. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఊడ పొడుగునా వేళ్ళు జరుపుతూ, పిందెలను తడిమి చూశాడు. "రెండు వదులు, ఒకటి..." అనేవాడు. ఆగేవాడు. "కాదు, చెరిపెయ్" అనేవాడు. అమ్మ చెరిపేది. కాగితం ఆచోట పలచబడింది. కొన్ని రోజులు అట్లా జరిగాక ఒక ఉదయం, "గడుల్లో చూస్తే గాని చెప్పలేనుమే. మడిచి పెట్టు" అన్నాడు.

"రేపు చూద్దాంలే."

"రేపు కూడా ఇంతే."

అమ్మ ఇంకొంచెంసేపు పెన్సిలు పట్టుకునే కూర్చుంది. తర్వాత కాగితం మడిచింది.

శ్రావణానికి షావుకారు ఆ అంచు అట్టలతో, కొంగుకు మామిడిపిందెలు వేయించి ఒక చీర దింపించాడు. బాగుందన్నారు. ఎవరు కట్టుకున్నారో తెలియదు. దసరా నాటికి నాయనకు మనుషుల ముఖాలు కూడా కనిపించడం మానేశాయి. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు. చేతి స్పర్శతో కండెలు చుట్టేవాడు, అమ్మ చుట్టినవాటికంటే బిగువుగా. చెనిక్కాయ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన పోయాక అమ్మ నా దగ్గరికి పెనుకొండకు వచ్చింది. ధర్మవరం ఇల్లు తీసుకున్నవాళ్ళు గుంత పూడ్చి బండలు పరిచారు.

ఇప్పుడు మెషిను వేడెక్కితే అదే మెల్లగా నడుస్తుంది, అదే సర్దుకుంటుంది. వేసిన బొమ్మ ఎక్కడో ఒకచోట మరో ప్రతి ఉండనే ఉంటుంది. కొంగు డిజైన్లు ఏసీ గదుల్లో తయారవుతాయి, పవర్‌లూమ్‌లు పగలూ రాత్రీ నేస్తాయి. అప్పటి పద్ధతే మంచిదని నేను చెప్పలేను. అప్పటి చల్లదనమే మా నాయన పనిని తినేసింది. ఇప్పటి మెషిను ఒకటి ఆ రోజు మా ఇంట్లో ఉండి ఉంటే నేల కింది ఆ కాయలు కూడా గడుల్లో పడి ఉండేవి. అది నిజం. చేతిలో చెంబు పట్టుకుని ఒక మనిషి గంటగంటకూ లేవడం, ఇంకో మనిషికి ఆ రోజు ఇంకొన్ని గడులు కనిపించాలని, అది కూడా నిజం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువో తేల్చడం నాకు చేతకాదు. అమ్మ ఉన్నప్పుడు ఒకసారి అడిగాను, నీళ్ళు చల్లకపోయి ఉంటే పూర్తయ్యేదా అని. "చల్లకపోతే పువ్వు దాకా కూడా వచ్చేది కాదు" అంది. 

పోయిన నెల పనిమీద ధర్మవరం పోయి మా వీధిలో నడిచాను. మగ్గాలు కొన్ని ఉన్నాయి. గ్రాఫులు ఎక్కడ వేయిస్తారని అడిగితే ఫోనులో వస్తాయి అన్నారు. ఆ వీధిలో ఇప్పుడు ఒకరు గడులు చదువుతుంటే ఇంకొకరు విని వేయడం లేదు.